వైఫై లేని పరికరాలకు ఫోన్ నెట్ అందించిన పదమూడు రోజులు: నా అనుభవం

మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లైను తెగిపోయి పదమూడు రోజుల పాటు బాగుకాలేదు. ఎక్కడో తవ్వకాల్లో ఫైబర్ తెగిందని, ఇవాళ వస్తాం, రేపు వస్తాం అని కంపెనీవాళ్లు చెబుతూ వచ్చారు. ఫోన్లకూ ల్యాప్‌టాప్‌కూ ఇబ్బంది లేదు. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే వాటి పని జరిగిపోతుంది. ఇబ్బందంతా కేబుల్ మీద నడిచేవాటితోనే. అక్క ఆఫీసు పని చేసుకునే డెస్క్‌టాప్‌లో వైఫై లేదు. ప్రింటర్ కూడా కేబుల్‌తోనే నెట్‌వర్క్‌లో ఉంది. గేటు దగ్గరి కెమెరాల రికార్డరూ అంతే. ఈ మూడూ ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (పరికరాలను కేబుళ్లతో ఒకదానితో ఒకటి కలిపే పెట్టె) ఒకదానికి కలిపి ఉన్నాయి. ఆ స్విచ్ నుంచి ఒక కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌కి వెళ్తుంది.

ఫోన్‌లో నెట్ ఉంది, స్విచ్ దాకా కేబుళ్లు ఉన్నాయి, మధ్యలో రెండింటినీ కలిపితే చాలు అనుకున్నాను. ఆ 'కలపడం' అనే ఆలోచనే నన్ను మొదటి రెండు రోజులూ తప్పుదారి పట్టించింది. ఇలాంటి పరిస్థితి ఎవరికైనా రావచ్చు కాబట్టి, ఏది పనిచేసిందో, ఏది ఎందుకు పనిచేయలేదో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

మొదటి రాత్రి తొందరలో ఉన్నాం. మర్నాడు పొద్దున్నే అక్కకు మీటింగ్ ఉంది. "ఏదో ఒకటి చెయ్యరా, మీటింగ్‌లో నేను మాట్లాడాల్సింది ఉంది" అంది. అన్నిటికంటే సులువైన దారి యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ను యూఎస్‌బీ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇవ్వడం. ఫోన్‌ను కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి పెట్టి, సెట్టింగ్స్‌లో టెథరింగ్ పేజీలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడమే. మొదట ఆ బటన్ నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉండిపోయింది. కారణం కేబుల్. అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, లోపల డేటా తీగలు లేవు. ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ పెట్టగానే బటన్ వెలిగింది. విండోస్ ఫోన్‌ను ఒక కొత్త ఈథర్నెట్ కార్డులా గుర్తించి వెంటనే నెట్‌కి వెళ్లిపోయింది. ఒక్క కంప్యూటర్‌కి మాత్రమే నెట్ కావాలంటే ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. వైఫై కంటే నిలకడగా ఉంటుంది, ఫోన్ కూడా ఛార్జ్ అవుతుంది.

కానీ ప్రింటర్‌లో, రికార్డర్‌లో ఫోన్ గుచ్చలేం కదా. పైగా మీటింగ్ నడుస్తున్నంతసేపూ నా ఫోన్ అక్క టేబుల్ మీదే ఉండాలి. అందుకే మర్నాడు ల్యాప్‌టాప్‌ను మధ్యవర్తిగా పెట్టాలనుకున్నాను. ల్యాప్‌టాప్ వైఫైతో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుస్తుంది. దాని ఈథర్నెట్ పోర్టు నుంచి కేబుల్ స్విచ్‌కి వెళ్తుంది. ఫోన్ వేరే గదిలో ఉన్నా పరవాలేదు.

విండోస్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల పేజీ తెరిచి, వైఫైనీ ఈథర్నెట్‌నీ రెండింటినీ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే 'బ్రిడ్జ్ కనెక్షన్స్' అని వస్తుంది. బ్రిడ్జ్ అంటే వంతెన, నాకు కావలసింది అదే కదా అని నొక్కేశాను. బ్రిడ్జ్ తయారైంది. డెస్క్‌టాప్‌లో మాత్రం నెట్ లేదు. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబర్) చూస్తే 169.254తో మొదలయ్యే నంబర్ కనిపించింది. అడ్రస్ ఇచ్చేవాళ్లెవరూ దొరకనప్పుడు కంప్యూటర్ తనకు తానే పెట్టుకునే నంబర్ అది. దాంతో పక్క కంప్యూటర్‌తో మాట్లాడవచ్చేమో కానీ ఇంటర్నెట్‌కి వెళ్లలేం. బ్రిడ్జ్ తీసేసి మళ్లీ పెట్టాను, డ్రైవర్ అప్‌డేట్ చేశాను, కేబుల్ మార్చాను. ఓ పూటంతా దీనికే పోయింది.

ఎందుకు పనిచేయలేదో ఆ రాత్రి కూర్చుని చదివాక అర్థమైంది. ఇది నాకు చాలా నచ్చిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కేబుల్ నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి డేటా పొట్లం (ప్యాకెట్) మీద పంపినవారి చిరునామా, అందుకోవలసినవారి చిరునామా ఉంటాయి. ఈ చిరునామా ఐపీ అడ్రస్ కాదు, పరికరం సొంత గుర్తు. మధ్యలో ఉన్న స్విచ్ తన పేరేమీ రాయదు, పొట్లాన్ని అలాగే ముందుకు పంపుతుంది. వైఫైలో అలా కుదరదు. ల్యాప్‌టాప్ లాంటి క్లయింటు హాట్‌స్పాట్‌కి పంపే పొట్లం మీద మూడు చిరునామాలే ఉంటాయి. ఒకటి హాట్‌స్పాట్‌ది, ఒకటి చివరికి చేరవలసిన చోటుది, ఇంకొకటి పంపుతున్నవారిది. ఈ చివరి గడిలో అసలు పంపినవారు ఎవరు, గాలిలోకి వదిలినవారు ఎవరు అని విడివిడిగా చెప్పే చోటు లేదు. డెస్క్‌టాప్ తరఫున ల్యాప్‌టాప్ పంపుతోంది అని రాయాలంటే నాలుగో చిరునామా కావాలి. ఆ నాలుగో గడి వైఫై ప్రమాణంలో ఉంది కానీ, రెండు వైపులా పరికరాలు దానికి ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. మామూలు ఫోన్ హాట్‌స్పాట్ ఒప్పుకోదు. పాస్‌వర్డ్ ఇచ్చి తన దగ్గర చేరిన పరికరం పేరుతో వచ్చిందే తీసుకుంటుంది, తనకు తెలియని పేరుతో వచ్చింది పక్కన పడేస్తుంది. డెస్క్‌టాప్ 'నాకో అడ్రస్ ఇవ్వండి' అని వేసిన కేక ఫోన్ దాకా చేరనే లేదన్నమాట. కొన్ని డ్రైవర్లు ఈ పేర్లను మధ్యలో మార్చి ఎలాగో బ్రిడ్జ్ నడిపిస్తాయి. దాని మీద ఆధారపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అంటే వంతెనతో పని కాదు. మధ్యలో నిలబడేవాడు డెస్క్‌టాప్ మాటను తన మాటగా ఫోన్‌కి చెప్పి, వచ్చిన జవాబును తిరిగి డెస్క్‌టాప్‌కి అందించాలి. రౌటర్ చేసే పని ఇదే. దీన్నే నాట్ (NAT) అంటారు. ఇవతల ఒక నెట్‌వర్క్, అవతల ఇంకో నెట్‌వర్క్ ఉంటాయి. ఇవతలివాళ్లకు అడ్రస్‌లు పంచే బాధ్యత కూడా మధ్యవర్తిదే.

విండోస్‌లో ఈ సదుపాయం కొత్తదేం కాదు, 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచీ ఉంది. పేరు ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్. బ్రిడ్జ్ తీసేశాక, వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి షేరింగ్ ట్యాబ్ తెరిచాను. ఈ కంప్యూటర్ ఇంటర్నెట్‌ను వేరేవాళ్లు వాడుకోవచ్చు అన్న గడిలో టిక్ పెట్టి, కింద ఈథర్నెట్‌ను ఎంచుకున్నాను. ఇక్కడ చాలామంది తికమకపడతారు. షేరింగ్ పెట్టవలసింది నెట్ వస్తున్న వైపు, అంటే వైఫై మీద. నెట్ ఇవ్వవలసిన వైపు, అంటే ఈథర్నెట్‌ను, కింది పెట్టెలో చూపించాలి. టిక్ పెట్టి ఓకే నొక్కగానే ల్యాప్‌టాప్ ఈథర్నెట్ అడ్రస్ దానంతటదే 192.168.137.1 అయిపోతుంది. ఆ నంబర్ కనిపించిందంటే షేరింగ్ మొదలైనట్టే. కేబుల్ వైపు ఉన్నవాళ్లకు 192.168.137తో మొదలయ్యే అడ్రస్‌లు అందుతాయి.

డెస్క్‌టాప్‌లో నెట్ వచ్చింది. అక్క మెయిల్ తెరిచింది. నేను టీవీ ముందుకెళ్లి కూర్చున్నాను. పావుగంటకే పిలుపు.

"ఒరే, మళ్లీ పోయిందిరా."

కేబుల్ తీసి పెడితే వచ్చింది. కాసేపటికి మళ్లీ పోయింది. డెస్క్‌టాప్ రీస్టార్ట్ చేస్తే ఒకసారి వచ్చింది, ఇంకోసారి రాలేదు. పూర్తిగా పనిచేయని వస్తువును బాగుచేయడం కంటే, ఒకసారి పనిచేసి ఒకసారి మానేసేదాన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఫోన్ సిగ్నల్‌ని అనుమానించాను. ల్యాప్‌టాప్ వైఫైని అనుమానించాను. చాలాసేపు నాకు తోచనిది ఒక్కటే: నెట్ పోయినప్పుడు డెస్క్‌టాప్ అడ్రస్ ఏముందో చూడటం. చివరికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే, అడ్రస్ 192.168.1తో మొదలవుతోంది. డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి వెళ్లడానికి వాడే ద్వారం, 192.168.1.1 అని ఉంది. అది మా బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ అడ్రస్!

అప్పుడు అర్థమైంది. లైను చచ్చిపోయినా రౌటర్ బతికే ఉంది. దాని కేబుల్ ఇంకా స్విచ్‌లోనే ఉంది. బయటికి దారి లేకపోయినా, అడిగినవాళ్లందరికీ అది అడ్రస్‌లు పంచుతూనే ఉంది. డెస్క్‌టాప్ అడ్రస్ కోసం కేక వేస్తే ల్యాప్‌టాప్, రౌటర్ రెండూ పలుకుతున్నాయి. ఎవరి జవాబు ముందు అందితే డెస్క్‌టాప్ వాళ్ల వెంట పోతోంది. ల్యాప్‌టాప్ గెలిస్తే నెట్ ఉంటుంది, రౌటర్ గెలిస్తే ఉండదు. ఒక నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచేవాళ్లు ఒక్కరే ఉండాలన్న నియమం పుస్తకంలో చదవడం వేరు, దాని ఫలితం కళ్లతో చూడటం వేరు. రౌటర్ కేబుల్ స్విచ్ నుంచి పీకేశాను. ఆ తర్వాత నెట్ ఆగలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు పడింది. నెట్ రాలేదంటే సెట్టింగ్స్ జోలికి పోకుండా ముందు అడ్రస్ చూస్తాను. 169.254 అయితే అడ్రస్ ఇచ్చేవాళ్లు దొరకలేదు, అంటే కేబుల్ కానీ షేరింగ్ కానీ చూసుకోవాలి. వేరే నెట్‌వర్క్ నంబర్ అయితే ఇంకెవరో అడ్రస్ ఇస్తున్నారు. నంబర్ సరిగానే ఉంటే గేట్‌వేని పింగ్ చేస్తాను, అంటే పలుకుతోందా అని చిన్న సందేశం పంపి చూస్తాను. అది పలికితే ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ని పింగ్ చేస్తాను. అదీ పలికి వెబ్‌సైట్ మాత్రం తెరుచుకోకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో, అంటే వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే ఏర్పాటులో ఉందని. ఇంతా కలిపి రెండు నిమిషాల పని.

తర్వాత వచ్చిన సమస్యలు చిన్నవే. ప్రింటర్‌కీ రికార్డర్‌కీ నేను ఎప్పుడో స్థిరమైన అడ్రస్‌లు పెట్టి ఉంచాను, 192.168.1.50, 192.168.1.60 అని. కొత్త నెట్‌వర్క్ 192.168.137 కావడంతో అవి ఉన్నచోటే ఉండి ఎవరికీ కనిపించకుండా పోయాయి. రెండింటినీ ఆటోమేటిక్‌కి మార్చాను. ప్రింటర్ అడ్రస్ మారింది కాబట్టి డెస్క్‌టాప్‌లో ప్రింటర్ పోర్టులో కొత్త నంబర్ రాయవలసి వచ్చింది. లేకపోతే ప్రింటర్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది.

ఇంకొకటి, నా ఫోన్ నుంచి ప్రింట్ ఇవ్వడం ఆగిపోయింది. ఇది పాడవడం కాదు, ఈ ఏర్పాటు తీరే అంత. లోపలివాళ్లు బయటికి వెళ్లగలరు, బయటివాళ్లు లోపలికి రాలేరు. ఫోన్ ల్యాప్‌టాప్‌కి అవతల ఉంది, ప్రింటర్ ఇవతల ఉంది. ప్రింటర్ అనేది ఒకటుందనే ఫోన్‌కి తెలియదు. ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి కలిసినవాళ్ల జాబితా చూసినా ఒక్క ల్యాప్‌టాప్ పేరే ఉంటుంది.

ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయినప్పుడల్లా షేరింగ్ ఆగిపోవడం మాత్రం విసుగు తెప్పించింది. టిక్ ఉన్నట్టే కనిపిస్తుంది, నెట్ మాత్రం వెళ్లదు. టిక్ తీసి మళ్లీ పెడితే పనిచేస్తుంది. ఇది విండోస్ 10లో తెలిసిన సమస్యే, దీనికి మైక్రోసాఫ్ట్ చెప్పిన పరిష్కారం ఉంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, షేర్డ్ యాక్సెస్ వరకు వెళ్లి, 'ఎనేబుల్ రీబూట్ పర్సిస్ట్ కనెక్షన్' అనే పేరుతో, నాలుగు పదాలూ ఖాళీ లేకుండా కలిపి, ఒక డీవర్డ్ విలువ తయారుచేసి 1 పెట్టాలి. సర్వీసెస్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్‌ను ఆటోమేటిక్‌కి మార్చాలి. అలా చేశాక రీస్టార్ట్ బాధ తప్పింది. ల్యాప్‌టాప్ మూత వేసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ కూడా మార్చాను. అది నిద్రపోతే, ఎవరూ లేరనుకుని కొన్ని నిమిషాలకు ఫోన్ హాట్‌స్పాట్ కూడా ఆగిపోయేది. పొద్దున లేచేసరికి కెమెరా రికార్డర్ సహా అన్నీ ఆఫ్‌లైన్‌లో ఉండేవి. ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 'ఆటోమేటిక్‌గా ఆఫ్ చేయి' అన్నది తీసేస్తే ఆ చిక్కు పోతుంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికే ఫోన్‌లో డేటా అయిపోయింది. ఇది నన్ను నిజంగా కలవరపెట్టింది, ఎందుకంటే ముందు జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్నదిగా, గుర్తు పెట్టాను, కాబట్టి పెద్ద అప్‌డేట్లు దిగవని ధీమా. కానీ ఆ గుర్తు ల్యాప్‌టాప్ వరకే. డెస్క్‌టాప్‌కి కనిపించేది ఒక మామూలు ఈథర్నెట్ కేబుల్. కేబుల్ అంటే బ్రాడ్‌బ్యాండ్, ఎంతైనా వాడుకోవచ్చు అన్నదే దాని లెక్క. పాపం, దానికి ఆ కేబుల్ అవతలి కొసన ఫోన్ ఉందని ఎవరు చెప్పారు? విండోస్ అప్‌డేట్లు దించుకుంది, ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించింది. డెస్క్‌టాప్‌లో కూడా నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ పేజీకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేశాను, ఫొటోల సింక్ ఆపాను. రికార్డర్‌లో క్లౌడ్ బ్యాకప్ ఆపేశాను. ఫోన్ నుంచి కెమెరా చూసేటప్పుడు మెయిన్ స్ట్రీమ్ బదులు, తక్కువ డేటా తినే సబ్ స్ట్రీమ్ పెట్టుకున్నాను. ఫోన్ హాట్‌స్పాట్‌ను కేబుల్ పరికరాలకు ఇచ్చేవాళ్లెవరైనా నెట్ వచ్చిన వెంటనే చేయవలసిన పని ఇది. నేను నాలుగో రోజు చేశాను.

కెమెరా సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇంతకు ముందు బయటి నుంచి కెమెరాలు చూడటానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చినవాళ్లను లోపలి పరికరానికి దారి చూపే సెట్టింగ్) పెట్టుకున్నాను. హాట్‌స్పాట్ మీద అది కుదరదు. ల్యాప్‌టాప్ దగ్గర ఒక నాట్, ఫోన్ దగ్గర ఇంకో నాట్ ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు మొబైల్ కంపెనీ దగ్గర మూడోది ఉంటుంది. నా ఫోన్‌కి మొబైల్ నెట్‌వర్క్ ఇచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 వరకు ఉండే శ్రేణిలోది. కంపెనీలు ఎందరో వాడుకరులను ఒకే బయటి అడ్రస్ వెనక ఉంచడానికి 2012లో ప్రత్యేకంగా కేటాయించిన శ్రేణి అది. ఆ మూడో తలుపు మన చేతిలో ఉండదు. రికార్డర్ తయారీదారు యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కలిపే పద్ధతి మాత్రం పనిచేసింది, ఎందుకంటే అందులో రికార్డరే లోపలి నుంచి బయటికి వెళ్లి సర్వర్‌తో సంబంధం పెట్టుకుంటుంది. అక్క ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే వీపీఎన్ కూడా ఇన్ని నాట్‌లు దాటి బాగానే నడిచింది. దాని గురించే నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది.

ఆరో రోజుకి ల్యాప్‌టాప్ నాకు కావలసి వచ్చింది. అలమారలో ఒక పాత వైఫై రౌటర్ ఉన్న సంగతి గుర్తొచ్చింది. పిన్నుతో రీసెట్ చేసి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి దాని సెట్టింగ్స్ పేజీ తెరిచాను. ఆపరేషన్ మోడ్‌లలో యాక్సెస్ పాయింట్, రిపీటర్, క్లయింట్, విస్ప్ (WISP) అని ఉన్నాయి. క్లయింట్ మోడ్ అంటే మళ్లీ వంతెన లాంటిదే, అడ్రస్‌లు ఇచ్చే పని ఫోన్‌కే వదిలేస్తుంది. నాకు కావలసింది విస్ప్. అందులో రౌటర్ హాట్‌స్పాట్‌కి వైఫైతో కలిసి, ఆ వైఫైనే తన ఇంటర్నెట్ లైనుగా వాడుకుంటుంది. కేబుల్ పోర్టులవైపు మామూలు రౌటర్‌లా అడ్రస్‌లు పంచుతుంది. ల్యాప్‌టాప్ చేస్తున్న పనే ఇది, కాకపోతే ఈ పని కోసమే పుట్టిన పెట్టె చేస్తుంది.

సర్వే నొక్కితే చుట్టుపక్కల వైఫైలన్నీ కనిపించాయి కానీ నా ఫోన్ కనిపించలేదు. పాత రౌటర్‌కి వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, నా హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ఫోన్‌లో బ్యాండ్ మార్చాక కనిపించింది, కానీ కలవలేదు. ఈసారి కారణం సెక్యూరిటీ. ఫోన్ డబ్ల్యూపీఏ3 వాడుతోంది, రౌటర్‌కి డబ్ల్యూపీఏ2 వరకే వచ్చు. అదీ మార్చాక కలిసింది. అక్క ఐఫోన్‌తో ప్రయత్నించినప్పుడు కూడా ఇలాగే అయింది. ఐఫోన్ 12 నుంచి వచ్చినవాటిలో పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలో 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేస్తేనే అది 2.4కి దిగుతుంది. పైగా ఐఫోన్ హాట్‌స్పాట్ పేరు ఫోన్ పేరే కావడం వల్ల అందులో ఉన్న వంకర అపాస్ట్రఫీ మా రౌటర్‌కి మింగుడు పడలేదు. ఫోన్ పేరును మామూలు అక్షరాల్లోకి మార్చాం. మొదటిసారి కలిపేటప్పుడు ఐఫోన్‌లో ఆ పేజీ తెరిచి ఉంచాలి, లేకపోతే హాట్‌స్పాట్ కనిపించకుండా పోతుంది.

రౌటర్ లోపలి అడ్రస్‌ను 10.20.30.1కి మార్చాను. దీనికి కారణం ఉంది. రెండు వైపులా ఒకే శ్రేణి ఉంటే, ఏ పొట్లం ఎటు పంపాలో రౌటర్‌కి తేలదు, నెట్ వెళ్లదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు హాట్‌స్పాట్‌కి ఎప్పుడూ 192.168.43.1 వాడేవి, అప్పుడు దాన్ని తప్పించుకుంటే సరిపోయేది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ శ్రేణి మారుతూ ఉంటుంది, చాలావరకు 192.168తోనే మొదలవుతుంది. ఐఫోన్‌ది 172.20.10. ఏ ఫోన్ కలిపినా గుద్దుకోకుండా 10తో మొదలయ్యేది ఎంచుకున్నాను. ప్రింటర్‌కీ రికార్డర్‌కీ రౌటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ పెట్టాను, కాబట్టి వాటి నంబర్లు ఇక మారవు. రౌటర్ సొంత వైఫైని ఆపేశాను. ఉన్నది ఒకే రేడియో, అదే ఫోన్‌తో మాట్లాడుతూ అదే మిగతావాళ్లకు వైఫై ఇస్తే వేగం సగానికి పడిపోతుంది. నాకు కావలసింది కేబుల్ వైపే.

మార్పు ఎలా ఉందంటే, ల్యాప్‌టాప్ అక్కర్లేదు, రీస్టార్ట్ బాధ లేదు, కరెంటు పోయి వచ్చినా రౌటర్ దానంతటదే ఫోన్‌ను వెతుక్కుని కలుస్తుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర, సిగ్నల్ బాగా అందేచోట ఛార్జింగ్‌లో ఉంచాను. రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే అయినా అక్కడ ఇరుకేమీ రాలేదు. అసలు ఇరుకు మొబైల్ సిగ్నల్ దగ్గరే. నేను బయటికి వెళ్తే అక్క ఫోన్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో హాట్‌స్పాట్ ఆన్ చేసేది. రౌటర్‌కి తేడా తెలియదు, కలిసిపోయేది. రెండు ఫోన్లకూ ఒకే పేరు పెట్టడం మా ఇద్దరికీ ఎంతో కలిసొచ్చింది.

పదో రోజున ఇంకో దారి కూడా చూశాను. నా ఫోన్ ఆండ్రాయిడ్ 11 తర్వాతిది. ఆ వెర్షన్ నుంచి టెథరింగ్ పేజీలో ఈథర్నెట్ టెథరింగ్ అన్నది వచ్చింది. ఫోన్‌కి యూఎస్‌బీ సీ ఈథర్నెట్ అడాప్టర్ పెట్టి, కేబుల్ నేరుగా స్విచ్‌లో పెడితే ఆ బటన్ నొక్కడానికి వీలవుతుంది. అందరికీ అడ్రస్‌లు ఫోనే ఇచ్చింది. మధ్యలో ల్యాప్‌టాప్ లేదు, రౌటర్ లేదు, వైఫై కూడా లేదు. అన్నిటికంటే చురుగ్గా నడిచింది ఇదే, ఫోన్ కూడా తక్కువ వేడెక్కింది. నా ఫోన్ నుంచి ప్రింటర్‌కి మళ్లీ ప్రింట్ వెళ్లింది, ఎందుకంటే ఇప్పుడు ఫోన్, ప్రింటర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఇబ్బందల్లా ఛార్జింగ్‌తోనే. ఉన్న ఒక్క పోర్టు అడాప్టర్‌కే పోయింది. ఛార్జింగ్‌ను కూడా లోపలికి పంపే హబ్ ఉంటే రోజంతా నడపవచ్చు. నా దగ్గర లేదు, అందుకే బ్యాటరీ ఉన్నంతసేపు వాడి మళ్లీ పాత రౌటర్‌కే వచ్చాను. ఫోన్ బల్లకు కట్టేసినట్టు ఉండటం పరవాలేదనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ పద్ధతే.

మ్యాక్ ఉన్నవాళ్లకు సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద షేరింగ్‌లో ఇంటర్నెట్ షేరింగ్ ఉంది, విండోస్ షేరింగ్ చేసే పనే చేస్తుంది. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ వాడేవాళ్లు ఈథర్నెట్ కనెక్షన్ ఐపీవీ4 పద్ధతిని 'షేర్డ్ టు అదర్ కంప్యూటర్స్'కి మారిస్తే చాలు, 10.42.0.1 అడ్రస్‌తో పంపిణీ మొదలవుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్‌ను ఇలా చిన్న మధ్యవర్తిగా పెట్టుకున్న మిత్రుడొకరు ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదని చెప్పాడు.

పదమూడో రోజు సాయంత్రం బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ మీద ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వెలిగింది. పాత రౌటర్ కేబుల్ స్విచ్ నుంచి తీసేసి, బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ పెట్టాను. డెస్క్‌టాప్‌లో మీటర్డ్ గుర్తు తీసేశాను, ఫొటోల సింక్ ఆన్ చేశాను. ఐపీకాన్ఫిగ్ కొట్టి 192.168.1 కనిపించేదాకా అక్కడే ఉన్నాను.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయిందక్కా."

పాత రౌటర్‌ను మళ్లీ అలమారలో పెట్టలేదు. స్విచ్ పక్కనే ఉంచి, హాట్‌స్పాట్ పేరు, 2.4, డబ్ల్యూపీఏ2, 10.20.30.1 అని కాగితం మీద రాసి దాని వెనక అంటించాను. కేబుల్ మాత్రం తీసి, చుట్టి, పక్కన పెట్టాను. ఆ కాగితం అడుగున ఇంకో లైను కూడా రాశాను: 'ఇది పెట్టేముందు ఆ రౌటర్ కేబుల్ తీయాలి.'